అర్జునరావు కుడిచెయ్యి

పెదజాలారిపేటలో అర్జునరావు నాలుగింటికి లేచాడంటే ఇక కోళ్లకి పని లేదనేవారు. లేవగానే సముద్రపొడ్డున పరుగు, ఆ తర్వాత సన్యాసిరాజు గురువుగారి దగ్గర కర్రసాము. పదిహేనేళ్లు ఒక్క పొద్దు తప్పలేదు. సారా వాసనంటేనే ఆమడ దూరం. అదే పేటలో చేపలమ్ముకునే గురువమ్మ తన కూతురు కాసులమ్మనిచ్చింది ఆ అలవాట్లు చూసే, అతని డిప్లొమా చూసి కాదు.

ఎనభైమూడులో అతను పనిచేసే స్టీల్‌ప్లాంటు వాళ్లు ఫర్నేసు పని నేర్చుకురమ్మని అతన్ని రష్యా పంపారు. తొమ్మిది నెలల చదువు. బయట మంచు కురుస్తున్నా హాస్టల్ వరండాలో చీపురుకర్ర పట్టుకుని సాము చేసేవాడు. పాడుచేసింది సెలవులు. నెల్లాళ్లు స్నేహితులతో రైళ్లెక్కి ఊళ్లు తిరిగాడు. రైల్లో సామేమిటి, ఊరెళ్లాక చూద్దాం అనుకున్నాడు. చలికి ఒక గుక్క వోడ్కా అన్నారు, గుక్క గ్లాసయింది, గ్లాసు సీసా అయింది. పదిహేనేళ్ల అలవాటు పోవడానికి ఆ నెల్లాళ్లే చాలాయి.

తిరిగొచ్చాక "రేపట్నించి" అన్నాడు. ఆ రేపు రాలేదు. గాజువాకలో భుజం తగిలించాడని ఒకడి ముక్కు పగలగొట్టాడు. వారం తిరక్కుండా సారాకొట్టులో ఇంకొకడి తల బల్లకేసి బాదాడు. సాము నేర్చిన చెయ్యి కదా, గురి తప్పదు మరి! ఒక ఆదివారం మధ్యాహ్నం కాసులమ్మ "మళ్లీ తాగినావేటి?" అంది, అంతే. ఆ చెయ్యే లేచింది. ఆమె పొయ్యి పక్కన కూలింది. రక్తంతోపాటు ముందుపన్ను ఊడి చేపలకూరలో పడింది.

లేచి కత్తిపీట అందుకుంది. "ఇంకోపాలి ఎత్తు. ఆ సెయ్యి సేపని కోసినట్టు కోసీకపోతే నాను గురువమ్మ కూతుర్ని కాను."

అతను వెనక్కి తగ్గాడు. వీధంతా చూస్తుండగా కత్తిపీట పట్టుకునే పుట్టింటికి నడిచిపోయింది.

మర్నాడు నాలుగింటికి అర్జునరావు గురువుగారి ముందు తలొంచుకు నిలబడ్డాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. ఆ సాములో ఒక కట్టుబాటుంది. మానేసి తిరిగొచ్చినవాడికి నలభై రోజులు కర్ర ఇవ్వరు. ఒట్టి చేతులతో దెబ్బలు కాచుకోవాలి.

"ఆడకూతుర్ని కొట్టిన సెయ్యి కదరా అది, ఎనక్కి కట్టుకో" అన్నాడు సన్యాసిరాజు.

కుడిచెయ్యి నడుముకి కట్టించి మొదలెట్టాడు. మొదటి దెబ్బ మెడమీద, రెండోది మోకాలి చిప్పమీద. అర్జునరావు ఇసకలో సారా కక్కుకున్నాడు. అరవై దాటిన ముసలాయన కొడుతూనే ఉన్నాడు. రోజూ అంతే. పక్కటెముకలు నల్లబడ్డాయి, చెవి చిరిగింది. కానీ నాలుగింటి మెలకువ మళ్లీ వచ్చింది. సారాకొట్టు ముందు కాళ్లు ఆగడం మానేశాయి. మూడు వారాలకి సగం దెబ్బలు తప్పించుకోగలిగాడు.

నలభై రోజులూ నిండాక గురువు కర్ర చేతికిచ్చాడు. సంబరం పట్టలేక ఆ కర్రతోనే పెళ్లాన్ని పిలవడానికి వెళ్లాడు, బుద్ధితక్కువ మనిషి! గురువమ్మ ఇంటి ముందు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న బావమరిది నూకరాజు ముందు ఆ కర్రనే చూశాడు.

"మా అప్పని మళ్లీ కొట్టడానికొచ్చినావా బావా?" అంటూ తెడ్డెత్తి మీదపడ్డాడు.

మొదటి దెబ్బకి నుదురు చీలింది. రెండో దెబ్బకి అర్జునరావు చెయ్యి దానంతటదే కర్ర తిప్పింది. తెడ్డు ఎగిరిపోయింది, నూకరాజు బోర్లా పడ్డాడు. కర్ర పైకి లేచింది. ఒక్క వేటుకి మెడ విరుగుతుంది, ఆ చేతికి అది బాగా తెలుసు. గుమ్మంలో కాసులమ్మ పన్నులేని నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

అర్జునరావు కర్ర విసిరేసి మోకాళ్లమీద కూర్చున్నాడు. కుడిచెయ్యి చాపాడు.

"ఈ సెయ్యేరా. కొట్టు."

నూకరాజు మొహమాటపడలేదు. తెడ్డు తెచ్చుకుని బాదాడు. ఎముక విరిగిన చప్పుడు గుమ్మందాకా వినిపించింది. రెండోసారి ఎత్తేలోగా కాసులమ్మ పరుగున వచ్చి తెడ్డు లాక్కుంది. మొగుడి రక్తం చూసి ఏడ్చింది, ఏడ్చినందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

"ఆడి మీద సెయ్యి ఆపినావు, సూసినాను. నా పన్ను మొలుత్తాదా?"

"మొలవదు."

"అయితే ఇప్పుడు రాను. ఇంకో నెల్లాళ్లు సూత్తాను. సెయ్యి ఇరిగిందని రేపు సాము మానేసినావో, ఇంక నా గుమ్మం తొక్కొద్దు."

మర్నాడు నాలుగింటికి, కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని, పళ్లు బిగబట్టి అర్జునరావు ఇసకలో పరుగెత్తాడు. గురువమ్మ ఇంటి ముందు పడవ పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్లాక పోల్చుకున్నాడు. కాసులమ్మ, ఒళ్లో కత్తిపీటతో.