గడ్డకు పోసిన నీళ్లు

లిల్లిగడ్డ పెంచడం గురించి ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. చలికాలంలో దానికి నీళ్లు పోయకండి. ఇప్పుడు ఈ మాట తేలిగ్గానే చెప్పేస్తున్నాను. ఒకప్పుడు మా ఇంట్లో ఈ మాట అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

అప్పుడు మేం ఇల్లందులో ఉండేవాళ్లం. నాన్నకు బొగ్గుబాయిలో పని. కంపెనీ క్వార్టర్ ఇంకా రాలేదు కాబట్టి కిరాయి ఇంట్లో ఉన్నాం. పక్క వాటాలో గొడుగులూ తాళాలూ బాగుచేసే ఆయన, ఆయన భార్య, వాళ్ల పిల్లలు. ఆమెను వాళ్ల చుట్టాల పిల్లలు పిలిచినట్టే మేమూ ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఖాలా వాకిలి నిండా పాత డబ్బాల్లో లిల్లిగడ్డలు ఉండేవి. ఎండలు ముదిరేసరికి ఒక్కో గడ్డలోంచి బోలు కాడ లేచి, దాని కొసన పెద్ద పెద్ద ఎర్రటి పూలు, పెళ్లింటి మీద నాలుగు దిక్కులకూ కట్టిన మైకుల్లాగా విచ్చుకునేవి. అమరిల్లిస్ అంటారని చాలా ఏళ్ల తర్వాత ఒక నర్సరీలో విన్నాను. అంత పేరు పెట్టుకుని మా వాడలో బతకలేదది.

మా చెల్లెలికి ఆ పూల పిచ్చి. ఏడేళ్ల పిల్ల, అడిగిందంటే వదలదు. వానలకు ముందు ఖాలా గడ్డలు విడదీసేటప్పుడు పక్కనే కూర్చుని, ఒకటి సాధించుకునే లేచింది. డాల్డా డబ్బాలో మట్టి నింపి, గడ్డ మెడ పైకి ఉండేట్టు తనే నాటింది.

"పూస్తే నేనే కోస్త. ఎవ్వల్ని ముట్టనియ్య" అని నాకు ముందే చెప్పింది. నేను పెద్దదాన్ని కదా, నా మీదే అనుమానం.

వానాకాలం నడుమ దానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాన్న డ్యూటీలో ఉన్నాడు. వాడలోని పెద్దవాళ్లంతా వచ్చి ఒకటే మాట. "నీళ్లియ్యకు, కడుపుల నిలవయి. ఇచ్చినకొద్దీ పోతయి." అప్పట్లో అందరి నమ్మకమూ అదే. అమ్మ వాళ్లకంటే గట్టిగా నమ్మింది, ఎందుకంటే పిల్ల ఆమెది.

"అమ్మా, దూపైతుందే. జెర్ర నీళ్లియ్యే" అని చెల్లి అడిగింది. అడుగుతూనే ఉంది. అమ్మ చెంబును దాని కంటికి కనపడకుండా తలుపు వెనక పెట్టింది. కొంగు తడిపి పెదాలకు అద్దింది. చెల్లి ఆ కొంగును చప్పరించబోతే లాక్కుంది. లాక్కుని ఏడ్చింది.

నాన్న వచ్చాక దవాఖానాకు ఎత్తుకుపోయాం. అప్పటికే కళ్లు లోతుకు పోయాయి. నర్సు సెలైన్ ఎక్కించడానికి నరం వెతుకుతూ, కోపమేమీ లేకుండానే అడిగింది. "పిల్లకు నీళ్లెందుకు తాపలేదమ్మా? పోయినకొద్దీ తాపాలె గద."

పొద్దు గూకేలోపు చెల్లి పోయింది. ఆ నర్సు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆమె నిజం చెప్పింది, అందుకే.

అమ్మ ఎక్కువ ఏడవలేదు. వంట చేసింది, నాన్నకు టిఫిన్ డబ్బా కట్టింది. మూడోనాటి నుంచి డాల్డా డబ్బాకు నీళ్లు పోయడం మొదలుపెట్టింది. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, దీపాలు పెట్టేముందు మరొకటి. వాన కురుస్తున్నా పోసింది. బోరింగు దగ్గర కొట్లాడి తెచ్చుకునే నీళ్లు, మా స్నానాలకు చాలకపోయినా డబ్బాకు మాత్రం తప్పేవి కావు.

చలికాలం వచ్చింది. ఆకులు పండి వాలాయి. ఖాలా చూసి మామూలుగా అనేసింది. "ఇంక నీళ్లు బంద్ చెయ్యి అక్కా. గడ్డ పండుకునే యాళ్ల ఇది. ఇప్పుడు నీళ్లియ్యొద్దు."

అమ్మ లేచి లోపలికి పోయి, నిండు చెంబు తెచ్చి, ఖాలా చూస్తుండగానే డబ్బాలో వంచింది. తను ఏమన్నదో ఖాలాకు అప్పుడు తట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వాళ్లింటికి వెళ్లిపోయింది.

ఇంక ఎవరు చెప్తారు? గడ్డ కుళ్లిపోతుందని మాకు తెలుసు. చెల్లి చేత్తో నాటింది, బతికున్నది అదొక్కటే. అది పోతే అమ్మ ఏమైపోతుందోనని నా భయం. నాన్న ఒకరోజు "ఏంది గిది, గిట్లయితే మురిగిపోదా" అని, అమ్మ ముఖం చూసి చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేను మేకు తీసుకుని డబ్బా అడుగున చిల్లులు పొడిచాను, పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతాయని. కారాయి. అమ్మ కింద దోసిలి పట్టి ఆ నీళ్లు మళ్లీ పైన పోసింది. తర్వాత చిల్లుల్లో గుడ్డపేలికలు కుక్కింది. అది చూశాక నేను మేకు ముట్టలేదు.

ఎండలు వచ్చేసరికి గడ్డ మెడ మెత్తబడి వాసన వచ్చింది. ఖాలా వచ్చి పెకిలిస్తే గోధుమరంగు ముద్ద చేతికి అంటుకుంది. పక్కన మాత్రం వెల్లుల్లి పాయంత పిల్లగడ్డ ఒకటి గట్టిగా ఉంది. ఖాలా దాన్ని కడిగి అమ్మకు చూపించింది.

"ఇది నా దగ్గర ఉంటది అక్కా. నేను బతికిస్త."

అమ్మ దాన్ని ముట్టి చూసింది. "నీళ్లు నేనే తెస్త" అంది.

తెచ్చింది. రోజూ ఒక చెంబు, ఎండకూ వానకూ ఆగకుండా. "ఇటియ్యి అక్కా, నేను పోస్త తియ్యి" అని ఖాలా తీసుకుని లోపలికి పోయేది. అమ్మ గుమ్మంలోనే నిలబడి, ఖాళీ చెంబు తీసుకుని వచ్చేసేది. ఆ నడకే ఆమెను నిలబెట్టిందని నేను అనుకునేదాన్ని.

మూడో ఎండాకాలం ఆ గడ్డ పూసింది. ఒకటే కాడ, రెండు పూలు. ఖాలా పరుగున వచ్చి అమ్మ చేయి పట్టుకుని తీసుకుపోయింది, నేనూ వెళ్లాను. సంతోషంలో ఖాలాకు నోరు ఆగలేదు.

"పోయిన చలికాలమంత చుక్క పొయ్యలే అక్కా. గందుకే పూసింది."

అమ్మ పూల వంక చూసింది. "నీళ్లియ్యకుండ బతికిందా ఇది?"

ఖాలా ముఖంలో నవ్వు పోయింది. నాకు ఆ పూలు అక్కడికక్కడే తెంపి పారేయాలనిపించింది. మూడేళ్లు కాచుకున్నది ఇందుకా అని దేవుణ్ని తిట్టుకున్నాను.

"మరి నేను తెచ్చిన నీళ్లేమైనయి?" అంది అమ్మ. ఆ రోజు చెంబు కూడా చేతిలోనే ఉంది.

ఖాలా అబద్ధం చెప్పలేకపోయింది. "తాగే కుండల పోసిన అక్కా. మా పిల్లలు తాగిండ్రు."

"అడిగిండ్రా?"

"అవ్ అక్కా. ఆడుకోని వచ్చి, దూపైతుందని అడుగుతరు గద."

అమ్మ చెప్పులు విడిచి ఖాలా వంటింట్లోకి వెళ్లింది. కుండ మీది మూత తీసి, చెంబు నీళ్లు అడుగంటా వంచింది. గ్లాసు ముంచి, అక్కడ ఆడుకుంటున్న ఖాలా చిన్న కూతురి ముందు పెట్టింది. ఆ పిల్ల అడగలేదు, అయినా తాగింది. అది తాగేదాకా అమ్మ కూర్చునే ఉంది. వచ్చేటప్పుడు లిల్లిపూల వైపు చూడలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ చూడలేదు.