రూటర్ వరకే కలిసిన లైను

ఒక పాప పేరు ఇన్నేళ్లుగా నా గుండె మీద బరువుగా ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మా దీవిలో గోల్ ఘర్ అనే పేటలో నాకొక చిన్న నెట్ షాపు ఉండేది. వాన పట్టిందంటే లైను పోయేది. ఖాళీ వేళల్లో నేర్చుకోవడానికని రెండు పాత మోడెములు, ఒక రూటరు, షాపు ఇంటర్‌కమ్ కలిపి ఒక ఉత్తుత్తి లైను తయారు చేసుకున్నాను. నంబరు కొడితే మోడెము నిజంగానే కీచుమనేది, దీపాలు వెలిగేవి, తెర మీద 'కనెక్టెడ్' అని వచ్చేది. కానీ అది కలిసేది పక్క బల్ల మీది రూటరుతోనే. అక్కడి నుంచి బయటికి దారి లేదు.

నీళ్లకవతలి హోప్ టౌన్ నుంచి ఒక దీదీ వచ్చేది. భర్తది ఓడ మీద పని. ఆమెకు చదువు రాదు, అతని మెయిళ్లు నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆ రోజు, గడప దాటకూడని పచ్చి బాలింత, వానలో పడవెక్కి వచ్చింది. మర్నాడే బారసాల. పాపకు పేరు తండ్రే పెట్టాలని ఆమె పట్టు; ఏ పేరో అడుగుతూ కబురంపి నాచేత ముందే మెయిలు పెట్టించింది. లైను లేదు. ఉత్త చేతులతో ఎలా పంపను? ఉత్తుత్తి లైను కలిపాను. జాలితోనేనా? నా పనితనం చూసుకునే సరదా లేదా? అదీ ఉంది.

ఆ కీచు వినగానే ఆమె ముఖం విప్పారింది.

"కలిసింది కదా భయ్యా? మా ఆయన ఏటి పేరెట్టమన్నాడు? జల్దీ చదువు."

"కావ్య అని రాశాడు దీదీ."

ఆ పేరును మెల్లగా పలికి చూసుకుంది. తడి కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. నాకు ఎంత సంతోషమేసిందో!

వాన వెలిశాక అసలు మెయిలు వచ్చింది. అందులో వేరే పేరు ఉంది. బారసాల అయిపోయింది కదా, ఇప్పుడు కలత పెట్టడం ఎందుకనుకున్నాను. అతను రాగానే నిజం చెప్పి కాళ్లు పట్టుకుందామనుకుని మెయిలు తీసేశాను. అతను రాలేదు. కొన్నాళ్లకే ఓడలో జ్వరమొచ్చి పోయాడు.

మొన్న కావ్య నా ఇప్పటి షాపుకు ఏదో ప్రింటు తీయించుకోవడానికి వచ్చి, మాటల మధ్య, నాన్న తనకిచ్చింది ఈ పేరొక్కటేనని నవ్వుతూ చెప్పింది. నిజం చెబితే ఆ ఒక్కటీ లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే అతను నిజంగా ఇచ్చింది నా దగ్గరే ఉండిపోతుంది. ఏది తక్కువ తప్పు? ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ ప్రేమను అడ్డుపెట్టుకుని దాక్కుంటున్నానేమో కూడా.

అతను రాసింది చనిపోయిన తన తల్లి పేరు. అమ్మే మళ్లీ పుట్టిందని రాశాడు. నూకరత్నం. ఈ పేరు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను.