దండుకు పేరు రాసిన కానిస్టేబులు

"ఏమయ్యా ఆంబ్రోసూ, మీ తమ్ముడికి కాళ్లూ చేతులూ లేవా? మా ఆయన పేరే రాశావేం?" అని నేతగాడి భార్య ఆనిస్ చర్చి గుమ్మంలోనే నిలదీసింది. రాజుగారి దండుకు మనిషిని ఎంచేదీ, దాని ఖర్చుకు పన్ను వసూలు చేసేదీ ఊరి కానిస్టేబులు ఆంబ్రోస్ థర్ల్బీయే. అతను చర్చిలో దాచిన ఊరుమ్మడి కవచానికి పట్టిన తుప్పును గుడ్డతో రుద్దుతూ ఉండిపోయాడు. నేతగాడు ఆ కవచం తొడుక్కుని కవాతుకు వెళ్లి, వానలో తడిసి, జ్వరంతో పోయాడు. అప్పటినుంచి పన్నుకు ఇల్లిల్లూ తిరిగే ఆంబ్రోస్, ఆనిస్ గడప రాగానే చేతికర్ర చంకన పెట్టుకుని చప్పుడు కాకుండా దాటేస్తాడు. ఆమె వాటా తన జేబులోంచి వేస్తాడు. పాపభీతి లాంటి పెద్దమాటలెందుకు, ఆమె ముఖం చూడడానికి భయం. ఈసారి ఆ సంగతి తెలిసి ఆమె వెంటపడి వచ్చి తన వాటా ఆరు పెన్నీలు అతని అరచేతిలో పెట్టింది. "నీ దానం ఎవడిక్కావాలి? రాసుకో." రాసుకున్నాడు. నేతగాడి నాలుగు రోజుల కవాతు కూలి, రోజుకు ఎనిమిది పెన్నీల చొప్పున రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు, ఊరు ఆమెకు ఇంకా బాకీ.