నాలుగో చప్పుడు

రాయమల్లు పొద్దున లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా, చెక్క సుత్తి పట్టుకొని ఇంటి ముందరి కానుగ చెట్టు దగ్గరికి పోయేవాడు. మాను మీద మూడుసార్లు కొట్టేవాడు. తరువాత ఎడమ చెవిని బెరడుకు ఆనించి, కళ్లు మూసుకొని కాసేపు అట్లాగే నిలబడేవాడు. ముసురు పట్టినా, పండగ వచ్చినా ఆ పని తప్పేది కాదు. హనుమకొండలో ఆయన ఉన్న వాడలో అందరికీ ఇది అలవాటైపోయింది. ఎదురింటి చిలుకమ్మ వాకిలి ఊడుస్తూ, "ఏందన్నా, లోపలున్నోళ్లు లేచిండ్లా, ఇంక పండుకునే ఉన్నరా?" అని ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు. ఆ చిలుకమ్మే, ఆయన ఏమీ తినకుండా పనికి బయలుదేరుతున్నాడని తెలిస్తే రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి సైకిలుకు తగిలించి పోయేది.

అయితే ఎవరికీ అంతుపట్టని సంగతి ఒకటుంది. రాయమల్లు ఎడమ చెవికి వినికిడి లేదు. పందొమ్మిది వందల డెబ్బై రెండులోనే మిలిటరీ దవాఖాన డాక్టర్లు ఆ చెవి ఇక పనికిరాదని కాగితం మీద రాసి ఇచ్చారు. వినే చెవి ఉండగా వినని చెవిని చెట్టుకు ఎందుకు ఆనిస్తున్నాడని అడిగితే, మాట మార్చి మన పిల్లల చదువుల గురించి అడిగేవాడు.

మా ఊరు వర్ధన్నపేట దగ్గర. మా ఊళ్లోనే పుట్టిన రాయమల్లూ, ఆయన స్నేహితుడు యాకయ్యా ఒకే ఈడువాళ్లు, ఐదో తరగతి దాకా ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు. ఇద్దరూ ఒకే రోజు మిలిటరీలో చేరారు. యుద్ధం ఆగిపోయాక పంజాబు సరిహద్దు పొలాల్లో పాతిన మందుపాతరలు ఏరే పని వాళ్లకు పడింది. సన్నని ఇనుప చువ్వను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ జానెడు జానెడు ముందుకు పోవాలి. రాయమల్లు గుచ్చి చూసి "సాఫ్" అంటే, భయం లేని దారికి గుర్తుగా వెనక యాకయ్య తెల్లపట్టీ పరిచేవాడు.

ఒకచోట నేల పెచ్చులు కట్టి, నెర్రెలు బాసి ఉంది. రాయమల్లు రైతు బిడ్డ కదా, చూడగానే ఇది ఏళ్లుగా నాగలి సోకని బీడు, ఇక్కడ ఎవరూ గుంత తీసి ఉండరు అనుకున్నాడు. మా ఊరి చెరువు వెనకాల బీడు అచ్చం అట్లాగే ఉంటుంది. చువ్వ గుచ్చకుండానే "సాఫ్" అన్నాడు. కాలువ తెగి నీళ్లు పారి, తవ్విన మట్టి మీదనే ఎండకు అట్లా పెచ్చు కట్టిందని ఆయనకు తెలియదు. యాకయ్య అడుగు వేశాడు.

యాకయ్య తల్లి బక్కమ్మకు వచ్చిన కాగితంలో, విధి నిర్వహణలో ప్రాణం విడిచాడని మాత్రమే ఉంది. ఎట్లా, ఎవరి మాట నమ్మి అన్నది లేదు. ఆ మాట రాయమల్లే చెప్పాలి. వేరే ఎవరికీ తెలియదు. ఊరికి పోయినప్పుడల్లా చెప్పాలనే పోయేవాడు. ఆమె ఇంటి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి బస్సెక్కేవాడు. అట్లా పదేళ్లు గడిచాయి.

మిలిటరీ నుంచి పంపించేటప్పుడు ఏదో ఒక పని నేర్పి పంపుతారు. డ్రైవరు పనికి చెవి అడ్డం వచ్చింది. మోటార్ల పనికీ అంతే. మిగిలింది తోటపని. బెంగళూరులో ఒక తోటలో ఆరు నెలలు పెట్టారు. అక్కడి ముసలి మేస్త్రీ చెట్లకు వైద్యం చేసేవాడు. పుచ్చు పట్టిన భాగాన్ని ఉలితో చేవ తగిలేదాకా తొలవడం, తారు పూయడం, తొర్రలో ఇటుక ముక్కలూ సున్నమూ కూరి మూయడం, కొమ్మను పైనుంచి కాక ముందు కిందినుంచి గాటు పెట్టి కోయడం, అన్నీ ఆయనే నేర్పాడు. పై గాటే పెడితే కొమ్మ విరుగుతూ మాను తోలంతా చీల్చుకొని పోతుందట. బెరడును చూసి చెట్టును నమ్మొద్దు, కొట్టి చూడు అని సుత్తి చేతికిచ్చాడు.

మొదటిసారి రాయమల్లు ఒక పాత నేరేడు మీద మూడుసార్లు కొట్టాడు. నాలుగు చప్పుళ్లు వినబడ్డాయి. నాలుగోది మాను లోపలినుంచి, ఎవరో వేలి కణుపుతో తలుపు తట్టినట్టు మెల్లగా వచ్చింది. అది వినబడింది ఎడమ చెవికి. మేస్త్రీ ఆ చోట ఉలి పెడితే మోచేయి పట్టేంత తొర్ర బయటపడింది. పక్క చెట్టును కొట్టాడు. మూడే వినబడ్డాయి. ఆ చెట్టు లోపలిదాకా గట్టిది. అప్పటినుంచీ అంతే, పుచ్చు ఉన్నచోట నాలుగోది వచ్చేది, లేనిచోట రాదు. ఒక్కసారీ తప్పలేదు. చాలా ఏళ్లకు నాతో చెప్పేదాకా, ఇది ఆయన భార్య సరస్వతికి కూడా చెప్పలేదు. పొద్దున కానుగ దగ్గర మూడే వినబడితే తప్ప ఆయనకు చాయ గొంతు దిగేది కాదన్నది మాత్రం ఆమెకు తెలుసు.

ఎక్కడం నేర్చుకున్నది ఏటూరునాగారం అడవిలో. తేనె కోసం పెద్ద పెద్ద మద్ది చెట్లెక్కే గట్టయ్య అనే పెద్దాయన రెండు ఎండాకాలాలు వెంట తిప్పుకున్నాడు. తన గుడిసెలోనే పండబెట్టి, తనకున్న గంజిలోనే సగం పోశాడు. గట్టయ్యది ఒకటే పట్టింపు. ఎక్కే ముందు చెట్టుకు చెప్పాలి. మన పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఎందుకు వచ్చామో, ఏం కోస్తామో పైకి వినబడేటట్టు చెప్పాలి. ఆ చెప్పేదాంట్లో అబద్ధం ఉండకూడదు. "అబద్ధమాడి ఎక్కినోన్ని చెట్టు పడెయ్యదు బిడ్డా. పట్టుకోదు, గంతే," అనేవాడట.

డెబ్బై ఆరులో హనుమకొండకు వచ్చి పని మొదలుపెడితే ఎవరూ పిలవలేదు. చెట్టుకు వైద్యమేంటని నవ్వేవారు. గొడ్డలివాళ్లుండగా ఈయనెందుకు అనేవారు. ఒకరోజు అబ్దుల్ కరీం అనే ఆయన చాయ డబ్బా కొట్టు మీద నీడ పరిచిన నిద్రగన్నేరును ఊరికే కొట్టి చూశాడు. తలెత్తి ఒక కొమ్మ చూపించి, దీని కింద మనుషులను కూర్చోనివ్వొద్దన్నాడు. కొమ్మ నిండా పచ్చటి ఆకు, పూత. గాలి లేదు, వాన లేదు, అదెట్లా పడుతుంది భాయ్ అని కరీం అడిగాడట. అడిగాడు గాని, మంచి మనిషి, చెప్పినవాడి ముఖం చూసి డబ్బాను పది గజాలు అవతలికి జరిపాడు. మూడో రోజు మిట్ట మధ్యాహ్నం, ఆకు కూడా కదలని వేళ, ఆ కొమ్మ ఖాళీ జాగాలో పడింది. చప్పుడుకు ముందు ఏ విరుపూ వినబడలేదని చూసినవాళ్లందరూ చెప్పుకున్నారు. ఉన్నట్టుండి కొమ్మ నేల మీద ఉంది.

ఆ తరువాత బడులవాళ్లూ, దవాఖానవాళ్లూ, కరెంటువాళ్లూ పిలవసాగారు. తాడు పట్టడానికి కట్టయ్య అనే నమ్మకస్తుడు దొరికాడు. కరీం రోజూ పని ఉన్నచోటికి చాయ పంపేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. దేవుడు ఒకరి చేత ఇంకొకరికి ఇట్లా అందిస్తుంటాడు. కానీ పిలిచినవాళ్లు కూడా ఆయన చెవి ఆనించే వేళకు కొంచెం ఎడంగా జరిగి నిలబడేవారు. పక్షులు సైతం అప్పుడు నోరు మెదపవని కట్టయ్య నాతో ఒకసారి అన్నాడు.

ఎనభై రెండు ఎండాకాలంలో ఊరి నుంచి సమ్మమ్మ వచ్చింది. బక్కమ్మ ఇంటి పక్కనే ఆమె ఇల్లు. బక్కమ్మ పెరటి చింతచెట్టు ఇంటి మీదికి వాలిందట, కొట్టేయమని ఊరివాళ్లు పట్టు పడుతున్నారట. బక్కమ్మ మాత్రం రాయమల్లు వచ్చి చూసి నయం చేయాల్సిందేనని కబురు పంపింది. సమ్మమ్మ చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించింది.

"పగటి పూట ఆ చెట్టు లోపట్నుంచి ఎవలో కొడుతాండ్లు తమ్మీ. మేం ఎవ్వలం పెరట్లకు పోతలేం. అక్కకు మాత్రం జర భయం లేదు. నా కొడుకచ్చిండు అంటాంది."

మరునాడు పొద్దటి బస్సుకు రాయమల్లు బయలుదేరాడు. కట్టయ్యను మధ్యాహ్నం బస్సుకు రమ్మన్నాడు. ఈసారి మలుపు దగ్గర ఆగలేదు.

బక్కమ్మ ఆయన్ను చూసి ముందు కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్న గటక పెట్టి, చల్ల పోసి, తాను తినకుండా ఎదురుగా కూర్చొని చూసింది. ఆయన ఎడమ చెవి మీద చేయి వేసి నిమిరింది. "ఇదేనా బిడ్డా పోయిన చెవి? మావోని పక్కపొంటి ఉన్నవు గాబట్టి పాయె," అంది. రాయమల్లు చేతిలోని ముద్దను పళ్లెంలోనే వదిలి లేచాడు.

పెరట్లోకి పోయేసరికి పొద్దు నడినెత్తి మీద ఉంది. చింతచెట్టు నీడ మొదలు చుట్టే ముడుచుకొని ఉంది. ఉడత లేదు, పిట్ట లేదు. చీమల బారు ఒకటి మాను దాకా వచ్చి, ఎక్కకుండా చుట్టు తిరిగి పోతోంది. ఎండలో అంత చల్లదనం ఎక్కడినుంచి వస్తున్నదో తెలియలేదు. ఆయన చేయి మాను మీద పెట్టి, అడవిలో గట్టయ్య నేర్పినట్టే మొదలుపెట్టాడు.

"నా పేరు రాయమల్లు. మా నాయన సాయిలు, మా అమ్మ కట్టమ్మ. ఇంటి మీది కొమ్మ తీసి, నీ పుచ్చు కడిగి నయం చేద్దామని అచ్చిన."

వెనక బక్కమ్మ నిలబడి ఉంది. చెప్పాల్సింది ఇంకా ఉంది, నోరు రాలేదు. సుత్తి తీసుకొని మూడుసార్లు కొట్టి చెవి ఆనించాడు.

ఏమీ రాలేదు. మాను బోలుగా ఉందని చేతికి తెలుస్తూనే ఉంది, సుత్తి అదురు వేరుగా ఉంది. అయినా నాలుగోది రాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చెవి నిజంగా చచ్చిన చెవిలాగా ఉంది. మళ్లీ కొట్టాడు, మూడు.

"నాలుగు," అంది బక్కమ్మ వెనకనుంచి.

రాయమల్లు తిరిగి చూశాడు. ఆమె భయపడి లేదు. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకున్నప్పుడు తల్లులు తల వంచుతారే, అట్లా తల కొంచెం పక్కకు వంచి వింటోంది.

"కొట్టిండు గదా. ఇనలేదా నువ్వు?" అని అడిగింది. "నాకు చప్పుడే ఇనవడుతది బిడ్డా, మాట ఇనవడదు. నువ్వు చెట్ల సంగతి తెలిసినోనివి. ఏమంటాండు?"

ఒక చల్లని మాట చెబితే సరిపోయేది. మంచిగున్నానంటున్నాడు, నిన్ను ఫికర్ చేయొద్దంటున్నాడు అంటే ఆ ముసలి ప్రాణం తృప్తి పడేది. ఊళ్లో ఎవరూ తప్పు పట్టేవారు కాదు. చెట్టుకు అబద్ధమాడితే ఏమవుతుందోనన్న భయం కూడా ఆ క్షణాన తనకు లేదని, ఆమె అట్లా తల వంచి ఎదురు చూడటమే తట్టుకోలేకపోయానని రాయమల్లు అన్నాడు. చింత మొదట్లో, మట్టిలో కూలబడి చెప్పాడు. పెచ్చు కట్టిన నేల సంగతి, గుచ్చని చువ్వ సంగతి, తాను అన్న మాట, దాన్ని నమ్మి యాకయ్య వేసిన అడుగు, ఏదీ దాచలేదు. మన బీడు లెక్కనే ఉండె అమ్మా అని రెండుసార్లు అన్నాడట.

బక్కమ్మ మాను మీద చేయి పెట్టి నిలబడింది. ఎండ ఒక అంగుళం జరిగింది. చివరికి ఒక్కటే అడిగింది.

"వాడు నన్ను పిలిచిండా?"

"తెల్వదమ్మా. నాకు చెవులు మూసుకపోయినయి. నోరు కదిలింది, చూసిన. ఏమన్నడో ఇనలే."

ఆమె లేచి ఇంట్లోకి పోయింది. ఇక రాదనుకున్నాడు. సంచి సర్దుకొని పోదామా అనుకుంటూ కూడా లేవలేకపోయాడు. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. చేతికివ్వలేదు, పెట్టింది. ఎండలో కూర్చున్న మనిషికి, ఎవరైతేనేం, నీళ్లివ్వాలనే ధర్మం ఆమెది. ఆయన తాగేదాకా నిలబడి, చెట్టు బతుకుతదా అని అడిగింది. బతుకుతుందని చెప్పాడు. ఇంటి మీదికి వాలిన కొమ్మ ఒక్కటి పోవాలి, అది ఈ గాలిదుమారాలకు ఆగదు. దాన్ని తీసి తొర్ర కడిగి మూస్తే మాను ఇంకో తరం చూస్తుంది.

లోపల మళ్లీ చప్పుడైందని ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఆయనకు వినబడలేదు.

గోడ అవతల సమ్మమ్మా, ఇంకో నలుగురూ తొంగి చూస్తున్నారు గాని లోపలికి అడుగు పెట్టడం లేదు. కట్టయ్య బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. రాయమల్లు నడుముకు తాడు కట్టుకున్నాడు. రెండో కొసను పై పంగలోంచి వేసి దించి, పక్కన పాతి ఉన్న రాతి కడీ కంబానికి రెండు చుట్లు తిప్పాడు. అట్లా తిప్పితే బరువు రాయి మీదనే పడుతుంది, పట్టుకున్నవాళ్లకు పెద్దగా బలం అక్కరలేదు. విడవకుండా ఉంటే చాలు. విడిస్తే మాత్రం ఎక్కినవాడు దక్కడు. ఇదంతా ఆమెకు దాచకుండా చెప్పాడు. ఆ కొస తీసుకొని ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, కట్టయ్య కోసం ఆగను. ఇప్పుడే ఎక్కుత. తాడు నువ్వు పట్టుకుంటవా?"