సొన అంటిన ఎలక్ట్రిక్ కారు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరేమడిగినా ఠక్కున జవాబు చెప్పేదాన్ని. ఏమీ తెలియని రోజుల్లో ఉండే ధైర్యం అది. తర్వాత ఎంత జీతం పెరిగినా ఆ ధైర్యం తిరిగి రాలేదు. బెజవాడలో ఒక ఎలక్ట్రిక్ కార్ల షోరూంలో సేల్స్ ఉద్యోగం నాది. బ్రోషర్ మొత్తం కంఠతా వచ్చు. (కారు రివర్స్ చేయడం మాత్రం అంతంతమాత్రం.) రెండు నెలలైనా ఒక్క కారూ అమ్మలేదు. "ఈ మే నెల కూడా చూద్దామమ్మా" అన్నారు మా మేనేజర్, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు భయం పట్టుకుంది.

అలాంటి సమయంలో చాట్రాయి దగ్గరి మామిడి రైతు ఒకాయన, కారును తోటకే తెచ్చి చూపించమని ఫోన్ చేశారు. కలెక్టర్ రకం మామిడి ఎక్కువగా పండిస్తారని ఊరంతా ఆయన్ని కలెక్టర్ గారనే పిలుస్తారు. (మా మేనేజర్ నిజంగా కలెక్టరే అనుకుని కారును రెండుసార్లు కడిగించారు.) నూజివీడు దాటి నేను తోటకు చేరేసరికి కోత జోరుగా సాగుతోంది. ఆయన రాగానే బానెట్ ఎత్తమన్నారు. లోపల ఖాళీ అర చూసి, "ఇంజినేదమ్మా?" అన్నారు.

"ఇంజిన్ ఉండదండీ. అది సామాన్లు పెట్టుకోవడానికండీ."

"ఎన్ని కాయలు పడతాయి?"

బ్రోషర్‌లో లీటర్లున్నాయి గానీ కాయలు లేవు. మాట మార్చి తలుపుల దగ్గరికి తీసుకెళ్లాను. హ్యాండిళ్లు తలుపులోకే ఒదిగిపోతాయనీ, దానివల్ల గాలి అడ్డుకోదనీ, చార్జింగ్ ఆదా అవుతుందనీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన నాలుగు తలుపుల హ్యాండిళ్లూ ఒక్కొక్కటే లాగి చూశారు. అప్పటిదాకా కాయలు కోసిన చేతులవి, నిండా సొన. ఆ జిగురు ఎండితే ఏమవుతుందో బ్రోషర్ రాసినవాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇంతలో ఆయన భార్య వచ్చి, "ఏసీ చూస్తానమ్మా" అని ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు. లోపల ఏదో నొక్కినట్టున్నారు, తలుపులన్నీ లాకైపోయి హ్యాండిళ్లు లోపలికి వెళ్లిపోయాయి. నా చేతిలోని రిమోట్ తాళం నొక్కితే అవి కాస్త వణికాయి తప్ప బయటికి రాలేదు.

"పిన్ని గారూ, తలుపు పక్కన బటన్ నొక్కండి" అని అద్దం దగ్గర అరిచాను. ఆమె నవ్వి చెయ్యి ఊపారు. లోపలికి చప్పుడు రాదని అరగంట కిందట గొప్పగా చెప్పింది నేనే. మేనేజర్‌కు ఫోన్ చేస్తే, మాన్యువల్ చూడమన్నారు. మాన్యువల్ కారులో ఉంది. కారు చుట్టూ తిరుగుతూ నాలుగు హ్యాండిళ్లనూ గోళ్లతో పీకాను. కలెక్టర్ గారు మాత్రం గట్టు మీద కూర్చుని, "కంగారు పడకమ్మా. నా మాట ఆవిడకి ముప్పై ఏళ్లుగా వినపడట్లా. ఇవాళ ఆ నెపం బండి మీదకి తోసెయ్యచ్చు" అన్నారు.

చివరికి హ్యాండిళ్లకు సొన పట్టేసిందని తట్టి, కూలీలు చేతుల సొన వదిలించుకునే కొబ్బరినూనె తెచ్చి, ఇస్త్రీ చేసిన చున్నీతో హ్యాండిల్ చుట్టూ రుద్దాను. నలభై నిమిషాలకు అది బయటికొచ్చింది. తలుపు తీసి, "క్షమించండి పిన్ని గారూ, బటన్ చూపించకపోవడం నా తప్పే" అన్నాను.

"చూశాలేమ్మా, ఎక్కగానే కనపడింది" అన్నారామె, సీటు నిటారుగా చేసుకుంటూ. "కోతలు మొదలయ్యాక ఇంతసేపు ఒక్కళ్లూ నన్ను మంచినీళ్లు అడక్కుండా ఉన్నది ఇవాళే."

కలెక్టర్ గారు గట్టు మీంచి లేచి వెళ్లి, ఆమెకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. వారం తిరక్కుండా షోరూంకు వచ్చి, మామూలు హ్యాండిళ్లున్న మోడల్ ఆమె పేరు మీద బుక్ చేశారు. నా ఉద్యోగం నిలబడింది.

ఆ రోజు ఆమెను చూసి, ఇంత చిన్న సుఖానికి ఇంత నాటకమా అని నవ్వుకున్నాను. ఇప్పుడు నాకూ పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద కారాపి పది నిమిషాలు లోపలే కూర్చుంటాను. ఎందుకింత ఆలస్యమని ఇంట్లో అడిగితే, చార్జింగ్ పెడుతున్నానంటాను.