కుడి పక్క కుర్చీ

నేను మంచిదాన్నని ఎవరైనా చెబితే నమ్మకండి. దౌత్య ఉద్యోగం ముగించుకుని చెన్నై చేరాక కూడా ఒక మనిషి మీద కసి నన్ను వదల్లేదు. నా మొదటి విదేశీ పోస్టింగులో ఆయన మా రాయబారి. ఆయనా తెలుగువారే.

ఆ దేశపు జైల్లో చెన్నై రాయపురం జాలర్లు చిక్కుకున్నారు. సముద్రంలో హద్దు దాటారని కేసు. నేను ఆ దగ్గర్లోని సౌకార్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని, వాళ్ల తమిళ యాస నాకు ఇంటి మాటే. వారం వారం జైలుకు తిరిగాను. అక్కడి అధికారుల కాళ్లావేళ్లా పడి విడుదల కాగితం తెచ్చాను. ఆయన ఒక్కసారీ రాలేదు.

విడుదల రోజు ఆయన విందు ఇచ్చారు. బల్ల మీద నా పేరు చీటీ లేదు. అడిగితే, "నువ్వు టీ సంగతి చూడమ్మా" అన్నారు. మా వృత్తిలో కుర్చీని బట్టే మనిషికి విలువ కడతారు. ట్రే పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. ఆయన్ని కూడా ఒకరోజు టీ పక్కన కూర్చోబెట్టాలని అప్పుడే అనుకున్నాను.

పోయినేడాది మా విశ్రాంత అధికారుల సంఘానికి అధ్యక్షురాలినయ్యాను. వార్షిక విందులో ఆ విడుదల గురించి మాట్లాడతానని ఆయన కబురు పెట్టారు. సరేనన్నాను. ఎవరెక్కడ కూర్చోవాలో నా చేత్తోనే రాశాను. తర్వాత రాయపురం వెళ్లి, వాకబు చేసి, ఆ జాలర్లలో ఒకరిని పట్టుకున్నాను. తల నెరిసింది గానీ నన్ను చూడగానే గుర్తుపట్టాడు. విందుకు రమ్మన్నాను.

హోదా ప్రకారం నా కుడి పక్క కుర్చీ ఆయనదే. విందు రోజు వస్తూనే నేరుగా అక్కడికి నడిచారు. వంగి చూస్తే జాలరి పేరుంది. ఆయన చీటీ బల్ల చివర, టీ ఫ్లాస్కుల పక్కన.

"ఏదో పొరపాటు జరిగినట్టుంది" అన్నారు.

"లేదు సార్. టీ సంగతి మీరు చూస్తారని."

తన చీటీ లేని కుర్చీలో కూర్చునే అలవాటు మా వాళ్లకు లేదు. బల్ల చివరికి వెళ్లి కూర్చున్నారు. ఆ పూట పాయసం నాకు రెండుసార్లు తినాలనిపించింది, తిన్నాను.

భోజనాలయ్యాక ఆయన లేచి, అందరికీ అర్థం కావాలని తమిళంలో, తాను జైలుకు ఎన్నిసార్లు తిరిగిందీ చెప్పుకొచ్చారు. జాలరి చేతిలో గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"జైలుకాడికి వచ్చింది నువ్వు గదమ్మా. ఈయనెవురు?"

హాల్లో అందరూ విన్నారు. ఆ ప్రశ్న నేను నేర్పింది కాదు. జవాబూ నేను చెప్పలేదు. ఆయనే చెబుతారని బల్ల చివరికి చూస్తూ కూర్చున్నాను.