జోస్లిన్‌కి ఎంతమంది అన్నదమ్ములు

మా దీవుల రాజధాని హోనియారాలో ఒక పాట బతుకుతుందో చస్తుందో తేల్చేది రేడియో కాదు, మినీబస్సు. వైట్ రివర్ నుంచి హెండర్సన్ దాకా ఉన్న ఆ ఒక్క రోడ్డు మీద పొద్దస్తమానం బస్సులు తిరుగుతూనే ఉంటాయి. డ్రైవరుకి నచ్చిన పాట అద్దాలు అదిరేలా మోగుతుంది. నచ్చనిది రెండో చరణం చూడదు. నేనిప్పుడు అలాంటి బస్సే ఒకటి నడుపుతున్నాను. పేరు లెడ్లీ ఓఫాసియా. వయసులో ఉన్నప్పుడు నా పేరు జనరల్ థండర్. ఆ పేరు పెట్టింది నేనే, పిలుచుకున్నదీ నేనొక్కణ్ణే.

మలైతా దీవి నుంచి హోనియారా వచ్చిన కొత్తలో కుకుమ్‌లో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. పగలు చైనావాళ్ళ దుకాణంలో బియ్యం బస్తాలు మోయడం, సాయంత్రం జమైకావాడిగా మారిపోవడం, ఇదే నా దినచర్య. జమైకా ప్రపంచపటంలో ఏ మూలనుందో నాకు తెలియదు. కానీ అక్కడి గాయకులు ఎలా గొంతు బొంగురు చేస్తారో, ఎక్కడ ఆగి దగ్గుతారో అంతా కంఠతా పట్టాను. జడలు కట్టడానికి జుట్టుకి సబ్బు రుద్ది ఎండలో కూర్చునేవాణ్ణి. జడలు కట్టలేదు గానీ, బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు లేచి నిలబడడం మొదలుపెట్టారు.

మామయ్య చర్చిలో ప్రార్థనలు చెప్పించే మనిషి. ఒక సాయంత్రం నా సాధన అయ్యేదాకా ఓపిగ్గా విని, వక్క నమిలి ఉమ్మేసి అడిగాడు.

"ఒరే లెడ్లీ, ఇందాకట్నించీ ఎవర్నిరా అన్నేసి తిట్లు తిడుతున్నావు?"

"బాబిలోన్ని, మామయ్యా. జమైకా పాటల్లో అందరూ దాన్నే తిడతారు."

"ఎందుకూ?"

"మనల్ని అణగదొక్కుతోంది కదా!"

"అది కూలిపోయి వేల ఏళ్ళయిందిరా. బైబిల్లో దానియేలు గ్రంథంలో ఉంది, చదువుకో. పోనీ, కూలకముందైనా వాళ్ళొచ్చి మన పందుల్ని ఏమన్నా ఎత్తుకుపోయారా?"

లేదని తల ఊపాను.

"మన పందుల్ని ఎత్తుకుపోయింది పక్కూరివాళ్ళు. దమ్ముంటే వాళ్ళమీద పాడు."

అంత దమ్ము నాకు లేదు. బాబిలోన్‌కి హోనియారాలో చుట్టపక్కాలు ఎవరూ లేరు కాబట్టే నేను దాన్ని అంత ధైర్యంగా తిట్టగలిగాను.

నా మొదటి పాట బర్న్స్ క్రీక్‌లో హడ్సన్ అనే స్నేహితుడి స్టూడియోలో తయారైంది. స్టూడియో అంటే ఒక రేకుల గది, ఒక పాత కంప్యూటరు, గోడలనిండా అంటించిన గుడ్ల అట్టలు. వానొస్తే పని ఆగిపోయేది. పక్కింటి కోడి కూసినా ఆగిపోయేది. నేను పాడింది మంచి ఊపున్న డాన్స్‌హాల్ పాట. ఊపిరి తీసుకోకుండా మొత్తం ఒక్క దెబ్బన లాగించాను. హడ్సన్ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి నా వైపు తిరిగాడు.

"దరువు బాగానే ఉంది. ఇంతకీ ఏమంటున్నావు?"

"జమైకా మాటలు."

"అంటే?"

"జమైకావాళ్ళకి తెలుస్తుందిలే."

"వినబోయేది కుకుమ్‌వాళ్ళు కదరా నాయనా!"

ఆ సీడీ పట్టుకెళ్ళి ఒక బస్సు డ్రైవరుని బతిమాలాను. పాట మొదలవగానే వెనక సీట్లోంచి ఒక ముసలామె, "బాబూ, నీ రేడియో చెడిపోయినట్టుంది, చూసుకో," అంది. డ్రైవరు సీడీ తీసి కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు. బస్సు ఆపలేదు కూడా.

ఆ తర్వాత నేను ప్రేమలో పడ్డాను. మార్కెట్ దగ్గర వేయించిన చేపా చిలగడదుంపా అమ్మే దుకాణంలో ఒక పిల్ల ఉండేది. దుకాణం బోర్డు మీద పెద్దక్షరాలతో 'జోస్లిన్' అని రాసి ఉండేది. రోజూ వెళ్ళి, "ఇంకో ముక్క," అనేవాణ్ణి. ఆ పిల్లతో నేను మాట్లాడిన మాటలన్నీ ఆ రెండే. నూనె చేపలు తిని తిని కడుపు చెడింది గానీ ప్రేమ ముందుకి కదల్లేదు. నోటితో చెప్పలేనివాడు పాటతో చెప్పాలి కదా! ఈసారి జమైకా మాటలు పక్కనబెట్టి, మేం రోజూ మాట్లాడుకునే పిజిన్‌లోనే మెల్లగా నడిచే ఒక రెగే పాట కట్టాను.

'జోస్లిన్, జోస్లిన్, ఎప్పుడొస్తావే, ఎండలో నిలబడి ఎండుచేపనయ్యానే.'

హడ్సన్ అంతా విని, "ఈసారి ప్రతి మాటా అర్థమైందిరా. అదే నాకు భయంగా ఉంది," అన్నాడు.

వారం తిరక్కుండానే ఏ బస్సులో చూసినా జోస్లినే. పని లేకపోయినా బస్సెక్కేవాణ్ణి. పాట రాగానే పక్కవాడి వైపు తిరిగి, "ఇది పాడిందెవరో తెలుసా?" అని అడిగేవాణ్ణి. "ఎవడో పక్కదేశం వనువాటువాడట," అనేవారు. ఒకాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నువ్వా? నీ మొహంలా లేదే ఆ గొంతు!" అన్నాడు. దాన్ని పొగడ్త కిందే వేసుకున్నాను.

మా మలైతావాళ్ళలో పరాయివాళ్ళ ఆడపిల్ల పేరు పదిమందిలో ప్రేమగా పలకడం నవ్వులాట కాదు. అన్నదమ్ములు వస్తారు. పందో, మా దగ్గర డబ్బులా చెల్లే గవ్వల దండో ఇచ్చుకుంటే గానీ కోపం చల్లారదు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ జనరల్ థండర్‌కి ఇవన్నీ వర్తించవనుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడూ తలుపంత ఉన్నాడు.

"లెడ్లీ అంటే నువ్వేనా? మా చెల్లెలు జోస్లిన్ బస్సెక్కలేకపోతోంది. ఎక్కితే చాలు, అందరూ దాని మొహం చూసి పాడుతున్నారు."

"ఏ జోస్లిన్?" అన్నాను నిజంగానే తెలియక.

"అంటే నీకు ఎంతమంది ఉన్నార్రా?" అని మధ్యవాడు ముందుకొచ్చాడు.

మామయ్య అడ్డుపడి వాళ్ళని మామిడిచెట్టు కింద కూర్చోబెట్టి వక్కా సున్నం ఇచ్చాడు. వాళ్ళు ఇంకా నోట్లో వేసుకోకముందే మరో గుంపు దిగింది. ముందు నడుస్తున్నవాడి పేరు సిలాస్. అతని వెనకే ఒక అమ్మాయి వచ్చింది. పాయింట్ క్రూజ్ రేవులో ఓడ టిక్కెట్లు అమ్మే మరో జోస్లిన్ ఆమె. నన్ను చూసి ముక్కు చిట్లించింది.

"వీడా? వీణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదన్నయ్యా. వీడి గొంతులాగే ఉన్నాడు, జబ్బుచేసిన మేకలాగా."

"అయితే వీడి పాటలో ఉన్నది నువ్వు కాదా?" అన్నాడు సిలాస్, కొంచెం నిరాశగా.

"నేను కాదు. కానీ రేవులో అందరూ నేననే అనుకుంటున్నారు. టిక్కెట్టు కొనే ప్రతివాడూ 'ఎండుచేప వచ్చాడా' అని అడిగిపోతున్నాడు."

అప్పటికి రెండు జట్ల అన్నదమ్ములూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. మామయ్య నా చెవి పట్టుకున్నాడు.

"ఇంతకీ నువ్వు పాడింది ఎవరి మీదరా? నిజం చెప్పు."

చేపల దుకాణం జోస్లిన్ అని చెప్పాను. ఆ మాట గేటు దగ్గర విన్నారు ఒకరు. కర్రపట్టుకుని రొప్పుతూ వస్తున్న ఒక తెల్లజుట్టు పెద్దాయన.

"ఒప్పుకున్నావు కదా! అందరూ సాక్షులు! ఆ జోస్లిన్ మా చెల్లెలు. మొగుడు పోయి పన్నెండేళ్ళయింది. పదిమంది మనవలున్నారు దానికి. దాంతోనట్రా నీ సరసాలు?"

దుకాణం ఆవిడది. పేరూ ఆవిడదే. కౌంటరు దగ్గర నిలబడే పిల్ల పేరు హెలెన్ అనీ, ఆ పిల్లకి క్రిందటేడే పెళ్ళయిపోయిందనీ ఆ పెద్దాయన ద్వారానే తెలిసింది. ముందుగా రేవు జోస్లిన్ నవ్వింది. తర్వాత సిలాస్, ఆ తర్వాత అందరూ. నవ్వనివాళ్ళం నేనూ పెద్దాయనా ఇద్దరమే.

"మీ చెల్లెలికి చాలా కోపంగా ఉందా, పెద్దాయనా?" అని మామయ్య మెల్లగా అడిగాడు.

పెద్దాయన కర్ర వంక చూసుకున్నాడు. "కోపమా? పొద్దున్నించీ అదే పాట పాడుకుంటూ చేపలు వేయిస్తోంది. వీడికిమ్మని ఇవి కూడా పంపింది." సంచిలోంచి అరటాకు పొట్లం తీశాడు. ఇంకా వేడిగానే ఉంది.

పంచాయితీ ఇలా తెగింది. ఒక పందిని కోసి మూడు జట్లకీ భోజనం పెట్టాలి, పాటలో పేరు మార్చాలి. పంది మామయ్యది. దాని కాళ్ళు కడుతూ, "బాబిలోన్‌వాళ్ళు కూడా ముట్టుకోని పందిరా ఇది," అని ఏడవలేక నవ్వాడు.

పేరు మార్చడమే కష్టమైంది. ఏ పేరు అనుకున్నా ఎవరికో ఒకరికి ఆ పేరుతో చెల్లెలుంది. "యెజెబెలు అని పెట్టు, బైబిల్లో ఆ పాపిష్టి రాణి పేరు ఎవరూ కూతురికి పెట్టరు," అన్నాడు మామయ్య.

"మా వీధిలో ఉందండీ ఒకతి. వాళ్ళ నాన్న బైబిలు చివరిదాకా చదవలేదు," అంది రేవు జోస్లిన్, పందిమాంసం నములుతూ. తర్వాత నా వైపు తిరిగింది. "రోజ్లిన్ అని పెట్టు. రాగం చెడదు."

"వాళ్ళ అన్నదమ్ములొస్తేనో?"

"వస్తే రేవుకి పంపించు. రోజ్లిన్ అంటే మలైతా వెళ్ళే ఓడ. ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. అలాంటిదానికి పౌరుషమున్న అన్నదమ్ములెక్కడుంటారు?"

హడ్సన్ దగ్గరికెళ్ళి ఆ ఒక్క మాటా మార్చి మళ్ళీ పాడాను. అంతే. మామూలుగా బాగున్న పాట కాస్తా ఎక్కడలేని పేరు తెచ్చుకుంది. రోజ్లిన్ కోసం చాపలు పరుచుకుని, టారో దుంపల మూటలూ, చంటిపిల్లలూ, కాళ్ళు కట్టిన కోళ్ళతో రేవులో పడిగాపులు కాసే జనం దాన్ని తమ పాట చేసేసుకున్నారు. 'రోజ్లిన్, రోజ్లిన్, ఎప్పుడొస్తావే' అని రేవంతా ఒక్క గొంతుతో పాడుతుంటే, నేను ఏ పిల్ల కోసమూ అంత బాధపడలేదే అనిపించేది. కెప్టెన్ మొదట మండిపడ్డాడట. తర్వాత ఆయనే పైడెక్కు మీద స్పీకరు కట్టించి, రేవు కనబడగానే ఆ పాట పెట్టడం మొదలుపెట్టాడు. జనం అతని ఆలస్యాన్ని క్షమించారు. నా ప్రేమ పాట చేసిన మేలు ఏదన్నా ఉందంటే అది ఆ కెప్టెన్‌కే.

నేనూ రేవుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా టిక్కెట్ల కిటికీ ముందు నిలబడేవాణ్ణి.

"జనరల్‌గారూ, ఈసారి ఎక్కడికో?" అనేది జోస్లిన్.

"ఏ ఓడ ఉంటే అక్కడికి."

"ఏ ఓడా లేదు. తప్పుకో, వెనక మనుషులున్నారు."

ఇలా చాలా నెలలు నడిచాక ఒకరోజు కిటికీ మూస్తూ తనే అంది. "నా పేరు ఎలాగూ ఊరంతా నీ నోటినుంచే విన్నారు. ఇంకెవరూ నన్ను చేసుకునేలా లేరు. మీ మామయ్యని మా అన్నయ్య దగ్గరికి పంపించు. ఒక్క షరతు. ఇంట్లో పాడకూడదు."

సిలాస్ ఇప్పుడు నన్ను బావా అంటాడు. ఆ మాట అనేముందు ప్రతిసారీ ఒకసారి నవ్వుతాడు.

తర్వాత కూడా పాటలు కట్టాను. డీజిలు ధర మీద ఒకటి, దోమల జ్వరం మీద ఒకటి. జ్వరం మీద కట్టిన పాట కంటే జ్వరానికే ఎక్కువ పేరొచ్చింది. జుట్టు రాలిపోయింది. జడల బెంగ తీరింది. బస్సు డ్రైవరునయ్యాను. నా బస్సులో నా పాట పెడితే కుర్రకారు, "బాబాయ్, ఈ పాతవి ఆపి కొత్తవి పెట్టు," అంటారు. పెడతాను. బస్సు వాళ్ళది, నేను నడిపేవాణ్ణి మాత్రమే.

కిందటి ఆగస్టులో మా దీవి పట్నం ఔకీలో మలైతా పండగకి, 'రోజ్లిన్ పాడినాయన' కావాలని కబురొచ్చింది. కొత్త చొక్కా కుట్టించుకుని జోస్లిన్‌తో వెళ్ళాను. వేదిక మీద ఉన్న వాయిద్యాల జట్టంతా నా పాట పుట్టాక పుట్టినవాళ్ళే. నా మెల్లటి రెగేని వాళ్ళు కాళ్ళు నిలవనివ్వని డాన్స్‌హాల్ చేసేశారు. నేను 'రోజ్లిన్' అని ఎత్తుకునేసరికి వాళ్ళు రెండో చరణంలో ఉన్నారు. పరుగెత్తి అందుకున్నాను, ఊపిరి అందలేదు.

"పెద్దాయనా, అసలు పాట పాడు!" అని కింద నుంచి కేకలు.

"ఇదే అసలు పాట!" అన్నాను మైకులో.

నవ్వులు. ఆపైన నాతో పనిలేకుండా జనమే పాడుకున్నారు. మధ్యలో నేను రాయని చరణం ఒకటి వచ్చింది. చంటిబిడ్డకి నాన్నని చూపించడానికి రేవులో వారంరోజులు కూర్చున్న తల్లి చరణం. నాదానికంటే బాగుంది. మైకు పట్టుకుని నిలబడి విన్నాను.

దిగాక, మూలన కసావా దుంప పుడ్డింగ్ అమ్ముతున్న ఒకావిడ నామీద జాలిపడి ఆకులో పెద్ద ముక్క పెట్టింది. "బాగానే ప్రయత్నించావు అన్నయ్యా. కానీ ఆ పాట అసలువాడు వేరు. ఎప్పుడో పోయాడు, పాపం."

"పోయాడా? ఎలా?" అంది జోస్లిన్ నాకంటే ముందు.

"ఆ ఓడలో ఆయన ప్రేమించిన పిల్ల ఉందట. ఓడ ఎంతకీ రాకపోతే సముద్రంలో దూకి ఈదుకుంటూ ఎదురెళ్ళాడట. అందరికీ తెలిసిందే."

"మంచివాడేనా?"

"బంగారమట తల్లీ! ఆ పిల్ల తప్ప ఇంకో లోకం లేదట."

జోస్లిన్ నా వైపు ఒకసారి చూసింది. కళ్ళల్లో నీళ్ళు, నవ్వువే. తన సంచి నా చేతికిచ్చి, ఆవిడ పక్కన చాప మీద చతికిలబడింది. "మొదట్నించీ చెప్పు అక్కా. ఎంత దూరం ఈదాడు?"

నేను సంచి పట్టుకుని, పుడ్డింగ్ తింటూ, నా చావు కథ చివరిదాకా నిలబడి విన్నాను.